శని ఖమ్మం వైపు పోతోంది

జగ్గయ్యపేట,
10 నవంబరు 2025.

బావగారికి ఎడ్విన్ వందనాలు.

గొంతు ఎలా ఉంది? ఆపరేషన్ తర్వాత క్రిస్మస్ దాకా మాట్లాడొద్దని డాక్టరు చెప్పినా మీరు ఫోన్లో గుసగుసలాడుతుంటే సూసన్ అక్క పట్టుకుని ఫోను లాక్కుందట కదా. మామూలు మాట కంటే గుసగుస గొంతుకి చెడ్డదని జాయిస్ కూడా ఎక్కడో విన్నదట. అందుకే ఈ కాగితం. మా వీధిలో ఉండే తిరుపతిరావుగారు మీ నందిగామ కోర్టులో ప్లీడరు గుమాస్తా. రోజూ బస్సులో వచ్చిపోతుంటారు. ఉత్తరాలు తనే అందిస్తానన్నారు. చాలా మంచి మనిషి. కవరు కూడా అంటించక్కర్లేదన్నారు.

మీ ఇంటి చుట్టూ మేడలు లేచి ఆకాశం కనపడక నాకిచ్చేసిన టెలిస్కోపు మా డాబా ఎక్కింది. ధ్రువ నక్షత్రం దొరకడానికి వారం పడుతుందన్నారు. నాకు మొదటిరోజే దొరికింది. మీరు చెప్పినట్టే పీఠం ఇరుసుని పదిహేడు డిగ్రీలు పైకి లేపి ఉత్తరానికి తిప్పా. ఎదురుగా ఒకే ఒక్క చుక్క. అద్భుతంగా ఉంది. మీరు చెప్పినదానికంటే నికార్సయిన నక్షత్రం, ఎంతసేపు చూసినా వెంట్రుకవాసి కదల్లేదు. ఇరుసుని దానికేసి గురిపెట్టి బిగించేసా.

అసలు సంగతి. డిసెంబరు పదమూడున మా చర్చిలో సెమీ క్రిస్మస్. పిల్లల డ్రామాకీ బిర్యానీకీ మధ్య ఎడ్విన్‌గారు శని గ్రహం చూపిస్తారని పాస్టర్‌గారు మైకులో చెప్పేసారు. 'శని' అనే మాట పండగపూట ఎందుకని 'వలయాల గ్రహం' అన్నారు. చర్చికి ఎదురిల్లే కాబట్టి జనం మా డాబా ఎక్కి, చూసి, దిగి, బిర్యానీకి పోతారు. వరసలో చివరి మనిషి దాకా గ్రహం ఐపీస్‌లోంచి జారకుండా నిలబడాలి. నిలబడకపోతే టెలిస్కోపుని అటక మీద పెట్టించేస్తానని జాయిస్ ఖాయంగా చెప్పింది. అటక మీద ఇప్పటికే నా పుట్టగొడుగుల ట్రేలు, సగం పాట వచ్చిన కీబోర్డు, తేనెటీగల పెట్టె ఉన్నాయి. ఈగలు చిల్లకల్లు వెళ్లిపోయాయని మీకు తెలుసుగా. 'మీరు మొదలుపెట్టినవన్నీ పైన ఉన్నాయి, పూర్తిచేసినవి కింద ఒక్కటి చూపించండి' అంటోంది.

ఈసారి చూపిస్తా.

మీ
ఎడ్విన్


నందిగామ,
13 నవంబరు.

ఎడ్విన్‌కి,

గొంతు బాగానే ఉంది. పలక మీద రాసి మీ అక్కతో మాట్లాడుతున్నా. నేను రాసేది పూర్తయ్యేలోపు ఆమె జవాబు చెప్పేస్తోంది.

నువ్వు 'అద్భుతంగా ఉంది' అని రాసావు, 'నికార్సయిన' అని కూడా రాసావు. ముప్పై రెండేళ్లు పేపరుకి వార్తలు రాసినవాణ్ణి, వాటితో నాకు పనిలేదు. ఆ చుక్క ఏ రంగు? మిణుకుతుందా? టెలిస్కోపులో చూస్తే సూదిమొనలా ఉందా, ఉబ్బి ఉందా? అటువైపు ఎవరిల్లు ఉంది? కరెంటు పోయినప్పుడు చూసావా? ఒక విషయం గుర్తుపెట్టుకో. నిజమైన ధ్రువ నక్షత్రం కూడా ఆకాశపు ధ్రువానికి కాస్త పక్కన ఉంటుంది కాబట్టి కొంచెం తిరుగుతుంది. అస్సలు కదలని ధ్రువ నక్షత్రం లేదు.

నీ ఉత్తరం నా చేతికిచ్చేటప్పుడు 'ఈగలు చిల్లకల్లు ఎందుకు వెళ్లాయండి' అని తిరుపతిరావు అడిగాడు. ఈ కవరు జిగురుతో అంటిస్తున్నా.

రూబెన్


జగ్గయ్యపేట,
17 నవంబరు.

బావగారికి వందనాలు.

అడిగినవాటికి జవాబులు. రంగు పసుపు. మిణకదు, చాలా నిబ్బరమైన నక్షత్రం. టెలిస్కోపులో లడ్డూ అంత ఉబ్బింది. ఫోకస్ ఎటు తిప్పినా లడ్డూనే. అటువైపు మా పక్కింటి ఆరోగ్యమ్మగారి డాబా. మంగళవారం కరెంటు పోయినప్పుడు చూసా, నక్షత్రం కూడా కనపడలేదు. సరిగ్గా అదే సమయానికి మబ్బు పట్టి ఉంటుంది. మిగతా చుక్కలు ఉన్నాయి, అక్కడ ఒక్కచోటే పట్టింది.

ఇంకో విశేషం, ఇది మీ పుస్తకంలో కూడా లేదు. తెల్లారాక కూడా కనిపిస్తోంది. ఆరోగ్యమ్మగారు బట్టలు ఆరేయడానికి పైకి వచ్చేసరికి అస్తమిస్తోంది.

సమస్య వేరే ఉంది. శనిని ఐపీస్ మధ్యలో పెట్టి పీఠానికున్న మోటారు వేస్తే నిలబడట్లేదు. నేను చూసి, జాయిస్‌ని పిలిచి, ఆమె స్టవ్ కట్టేసి మెట్లెక్కి వచ్చేసరికి గ్రహం లేదు. 'ఖాళీ గొట్టం చూపించడానికా పిలిచింది' అని దిగిపోయింది. మోటారు పాడైందేమో చూడండి. అటక మీద కీబోర్డు పక్కకి జరిపిన చప్పుడు వినిపించింది.

మీ
ఎడ్విన్


నందిగామ,
19 నవంబరు.

ఎడ్విన్,

మోటారు బాగుంది. నీ ధ్రువ నక్షత్రం ఆరోగ్యమ్మగారి బల్బు.

ఆవిడ ఏటా క్రిస్మస్ నక్షత్రం కట్టేముందు ఇనప పైపు నిలబెట్టి, చివర బల్బు పెట్టి, వైరు పనిచేస్తుందో లేదో కొన్నాళ్లు చూసుకుంటుంది. మీ ఇంటికి వచ్చినప్పుడు నేను చూసా. అసలు ధ్రువ నక్షత్రం అంత వెలుగు ఉండదు. మీ డాబా మీద నుంచి ఆ పైపుకి కుడివైపున, చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే ఒక పిడికిలి దూరంలో ఉండాలి.

నువ్వు కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యావన్నది ఇక్కడ రాయదలుచుకోలేదు.

పీఠంలోని ఇరుసు భూమి ఇరుసుతో సమానంగా ఉంటేనే మోటారు గ్రహాన్ని పట్టుకుని వెంట నడుస్తుంది. నీది ఇప్పుడు పక్కింటి పైపుతో సమానంగా ఉంది.

ఈ కవరు మీ అక్క అన్నం మెతుకులతో అంటించింది. చించకుండా రాదు.

రూబెన్


జగ్గయ్యపేట,
24 నవంబరు.

బావగారూ,

కవరు చించకుండానే వచ్చింది. తిరుపతిరావుగారు ఆవిరి పట్టినట్టున్నారు. నాకు అందేసరికి గరికపాడు చెక్‌పోస్టు దాకా అందరికీ తెలుసు. పాలవాడు 'మీ నక్షత్రం ఎన్ని వాట్లండీ' అన్నాడు. ఆరోగ్యమ్మగారు ప్రహరీ గోడ మీదుగా పలకరించారు.

'నా బల్బుని రాత్రిళ్లు చూస్తున్నావటగా ఎడ్విన్.'

'నక్షత్రమనుకున్నానండి.'

'నక్షత్రమైతే ఇప్పుడు చూడు.'

ఆరోజు సాయంత్రమే పైపుకి కాగితం నక్షత్రం ఎక్కించారు. ఎర్రది, మనిషంత ఉంటుంది, తోక వేరే. పైపు చివర నుంచి నాలుగు పక్కలకీ గొడుగులా సీరియల్ సెట్లు లాగారు. మీరు చెప్పిన పిడికిలి దూరంలో ఇప్పుడు ఆకుపచ్చ బల్బులు వెలిగి ఆరుతున్నాయి. ఉత్తరమంతా తిరనాళ్లలా ఉంది. మా డాబా మీద ఏ మూల నిలబడినా ధ్రువ నక్షత్రం వాటి వెనకే.

కాసేపు దించమని అడిగా.

'జ్ఞానులు ఈ నక్షత్రాన్ని చూసి వచ్చారు గానీ నీ నక్షత్రాన్ని చూసి రాలేదు' అన్నారు.

పోనీ ఆర్పమన్నా. వాళ్లబ్బాయి డేవిడ్‌రాజు గరికపాడు దగ్గర ధాబా పెట్టాడు, అది నిలదొక్కుకోవాలని మొక్కుకున్నారట. వెలిగించాక జనవరి ఒకటి దాకా ఆర్పకూడదట. కరెంటు పోయినప్పుడైనా చూసుకుందామనుకున్నా. నేను ఆ మాట జాయిస్‌తో అన్నా, జాయిస్ చర్చిలో అంది. మర్నాడు ఆవిడ ఇన్వర్టర్ పెట్టించారు.

మీరు పెద్దవారు, ఆవిడ మీ మాట వింటారు. మీరొక ముక్క రాయండి.

మీ
ఎడ్విన్


నందిగామ,
27 నవంబరు.

ఎడ్విన్‌కి,

రాయను. ఆవిడ మొక్కు ఆవిడది. నీ కోసం ఆర్పి, రేపు ఆ ధాబాలో పప్పు మాడినా నీ పేరే చెప్తారు.

పైగా ఆ నక్షత్రంతో పనిలేదు. అది కనపడకపోతే మిగతావాటిని చూడు. అవి ఎటు జారుతున్నాయో చూస్తే ఇరుసు ఎంత తప్పిందో తెలుస్తుంది. జాగ్రత్తగా చదువు.

ఈ రోజుల్లో రాత్రి ఏడు దాటాక శని దక్షిణాన నిటారుగా వస్తుంది. దాన్ని ఐపీస్ మధ్యలో పెట్టు. మోటారు నడుస్తూ ఉండాలి. కొన్ని నిమిషాలు ఊరికే చూడు. అది పక్కలకి జరిగితే పట్టించుకోకు. ఉత్తర దక్షిణాలు మాత్రమే కావాలి. శని ఉత్తరానికి జారితే నీ ఇరుసు పడమటికి తప్పినట్టు. తూర్పుకి జరుపు. దక్షిణానికి జారితే పడమటికి జరుపు. జారడం ఆగేదాకా ఇదే.

నీకు దిక్కుల గొడవ ఉంది కాబట్టి ఊళ్ల పేర్లతో చెప్తా. ఉత్తరం ఖమ్మం. దక్షిణం ముక్త్యాల. తూర్పు నందిగామ. పడమర కోదాడ. శని ఖమ్మం వైపు పోతే పీఠాన్ని నందిగామ వైపు నెట్టు. ముక్త్యాల వైపు పోతే కోదాడ వైపు నెట్టు.

తర్వాత తూర్పున లేచే గొల్లకావడి మూడు చుక్కల్లో ఒకదాన్ని అలాగే చూడు. అది ముక్త్యాల వైపు జారితే ఇరుసు ఎత్తు చాలదు, లేపు. ఖమ్మం వైపు జారితే దించు.

ఐపీస్‌లో అన్నీ తిరగబడి కనిపిస్తాయి. ఏ అంచు ఏ దిక్కో తెలియాలంటే గొట్టం మూతిని ఖమ్మం వైపు కొంచెం నెట్టు. శని ఏ అంచుకి పోతుందో చూసుకో.

రూబెన్


జగ్గయ్యపేట,
3 డిసెంబరు.

బావగారికి వందనాలు.

ఐదు సాయంత్రాలుగా అదే పని. శని ఖమ్మం వైపు పోతోందా ముక్త్యాల వైపు పోతోందా చూడటం, నెట్టడం. మొదట మెల్లగా పోయేది. నేను సరిచేస్తున్నకొద్దీ జోరందుకుంది. నిన్నయితే కన్ను పెట్టేసరికే అంచులో ఉంది. మీరిచ్చిన పద్ధతి తూచా తప్పకుండా చేస్తున్నా, పద్ధతిలోనే ఏదో ఉంది.

ఈలోపు మీ ఉత్తరం ఊళ్లో పనిచేసింది. తిరుపతిరావుగారు బస్సులో 'శని ఖమ్మం వైపు పోతోంది, రూబెన్‌గారు లెక్కకట్టారు' అన్నారట. ఖమ్మంలో కూతురి పెళ్లి పెట్టుకున్న ఒకాయన వచ్చి, ముహూర్తం మార్చుకోవాలా అని అడిగాడు. పోయేది ఐపీస్‌లో మాత్రమేనండీ అని ఎంత చెప్పినా వినలేదు. 'మీ క్రిస్టియన్స్‌కి పట్టదేమో గానీ మాకు పడుతుందండి' అన్నాడు. ఇప్పుడు ముక్త్యాల వైపు నెట్టేసానని చెబితే గాని కాఫీ ముట్టలేదు.

పది రోజులే ఉంది. పాస్టర్‌గారిని కలిసి, ఆ సమయం చర్చిలో వాయించే బుల్లిబాబు కీబోర్డుకి ఇచ్చేయమని చెబుదామనుకుంటున్నా. జాయిస్‌కి ఇంకా చెప్పలేదు. మీరూ అక్కతో చెప్పకండి.

మీ
ఎడ్విన్


జగ్గయ్యపేట,
4 డిసెంబరు.

అన్నయ్యగారికి జాయిస్ వందనాలు.

ఇది తిరుపతిరావుగారి చేత పంపట్లేదు. నందిగామ వస్తున్న మా చెల్లెలికి ఇచ్చా.

మీ బావమరిదిగారు ఎటు నెట్టాలో అటు నెట్టట్లేదు. మీరు రాసింది నేను కూడా చదివా. గొట్టం మూతి ఖమ్మం వైపు నెడితే శని ఏ అంచుకి పోతుందో అది ముక్త్యాల అవుతుంది కదండీ. ఆయన దాన్ని ఖమ్మం అనుకుంటున్నారు. బస్సు ముందుకి పోతే చెట్లు వెనక్కి పోయినట్టు. అందుకని కోదాడ వైపు నెట్టాల్సినప్పుడు నందిగామ వైపు, నందిగామ వైపు నెట్టాల్సినప్పుడు కోదాడ వైపు నెట్టి ఇంకా చెడగొట్టుకుంటున్నారు. నిన్న ఆయన చర్చికి వెళ్లినప్పుడు నేను పైకెళ్లి కొంచెం వెనక్కి నెట్టి చూసా. నెమ్మదించింది. మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేసా.

నేను చెబితే వినరు. విన్నా చిన్నబుచ్చుకుంటారు. కార్యక్రమం మానేద్దామనుకుంటున్నారని కూడా తెలుసు. రాత్రి నిద్రలో 'బుల్లిబాబు' అన్నారు. మీరే కనిపెట్టినట్టు ఒక ముక్క రాయండి.

అటక సంగతి నేను అన్నమాట నిజమే. అలా అనకపోతే కదలరని అన్నా.

వదినకి వందనాలు చెప్పండి.

జాయిస్


నందిగామ,
6 డిసెంబరు.

ఎడ్విన్‌కి,

నువ్వు రాసినదాన్నిబట్టి ఆలోచించా. నాకొక అనుమానం వచ్చింది. గొట్టం మూతిని ఖమ్మం వైపు నెట్టినప్పుడు శని జారిన అంచుని నువ్వు ఖమ్మం అనుకుంటున్నావేమో. అది ముక్త్యాల. బస్సు ముందుకి పోతే చెట్లు వెనక్కి పోతాయి. ఈ పోలిక బాగుందని నా అభిప్రాయం.

పాస్టర్‌గారిని కలవకు. ఈ ఒక్కటీ సరిచేసి చూడు.

జారడం ఆగాక ముక్కాలి పీట మూడు కాళ్ల చుట్టూ గచ్చు మీద పెయింటు గీయి, సుద్ద వద్దు. ఇంకో సంగతి. ఈ సంవత్సరం శని వలయాలు అంచు మనవైపు తిప్పి ఉన్నాయి. పుస్తకంలో బొమ్మలా కనపడవు, గీతలా ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ముందే చెబితే అది వార్త. తర్వాత చెబితే సంజాయిషీ.

రూబెన్


జగ్గయ్యపేట,
14 డిసెంబరు.

బావగారికి వందనాలు.

మీ కోసం వార్తలా రాస్తున్నా.

బుధవారం సాయంత్రం శని జారడం ఆగింది. అన్నం తిని వచ్చి చూసా, మధ్యలోనే ఉంది. జాయిస్‌కి మీ బస్సు పోలిక చెప్పా. 'అన్నయ్యగారికి ఎలా తట్టిందో' అంది. నేనూ అదే అనుకున్నా.

నిన్న కార్యక్రమం జరిగింది. డ్రామాలో హేరోదు గడ్డం ఊడింది, ఆలస్యమైంది, జనం మాత్రం వచ్చారు. వలయం గీతలా ఉంటుందని డాబా మెట్ల దగ్గరే చెప్పా. మొదట పాస్టర్‌గారు చూసారు. తర్వాత ఆడవాళ్లు, పిల్లలు, వంటవాళ్లు. కొందరు చూసే కన్ను మూసి మూసే కన్నుతో చూసారు, వాళ్లకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పుల్ల గుచ్చిన పునుగులా ఉందని ఒకరన్నాక వెనక వరసంతా పునుగు ఏదీ అనే అడిగింది. తిరుపతిరావుగారు కూడా వచ్చారు. చాలాసేపు చూసి 'ఇప్పుడు ఎటు పోతోందండీ' అన్నారు. ఎటూ పోవట్లేదని చెప్పా.

నిజంగానే ఎటూ పోలేదు. వరసలో చివర ఆరోగ్యమ్మగారు నిలబడ్డారు. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి గ్రహం పోయుంటుందని నేను ముందు చూడబోయా. 'నీదేగా, తర్వాత చూసుకో' అని నన్ను జరిపి కన్ను పెట్టారు. పాస్టర్‌గారు చూసినచోటే ఉంది. చూసారు. తల ఎత్తి అడిగారు.

'నా నక్షత్రం అడ్డముందన్నావుగా. మరి ఎలా చేసావు?'

ధ్రువ నక్షత్రం చూడకుండానే చేసానని, నెల రోజులు పట్టిందని చెప్పా.

'అదా? మా డాబా మీద నుంచి రోజూ కనిపిస్తుంది. అటువైపంతా మిరపచేలేగా.'

'మరి చెప్పలేదేమండీ?'

'నువ్వు దించమన్నావు, ఆర్పమన్నావు. వచ్చి చూస్తానని అన్నావా?'

బావగారూ, ఆవిడ నక్షత్రం ఆవిడ డాబాకి ఈ చివర, మావైపు ఉంది. అది దాటి అవతలి చివరకి వెళ్తే ఉత్తరమంతా ఖాళీ. ఈ ముక్క నాకు తట్టలేదు, సరే. పేపరువారు, మీకైనా తట్టాల్సింది.

మీ
ఎడ్విన్


నందిగామ,
16 డిసెంబరు.

ఎడ్విన్‌కి,

వార్త అందింది. విశేషణాలు లేవు. బాగుంది.

ఆరోగ్యమ్మగారి విషయంలో తప్పు నాది కూడా. నేనైనా ఆ ఇంటి యజమానిని అడిగి రమ్మని నీకు రాయాల్సింది.

ఆ బస్సు పోలిక నాది కాదు. ఎవరిదని అడగకు.

రూబెన్


జగ్గయ్యపేట,
19 డిసెంబరు.

బావగారికి వందనాలు.

అడగలేదు. చూసా.

నిన్న సాయంత్రం మార్కెట్ నుంచి వచ్చేసరికి మా డాబా ఖాళీ. గచ్చు మీద నేను గీసిన పెయింటు సున్నాలు మూడూ ఉన్నాయి, పీట లేదు. పైన ఎక్కించేసిందనుకుని అటక చూసా. అక్కడా లేదు. పక్కింటి డాబా మీద మాటలు వినిపించాయి.

అవతలి చివర మిరపచేల వైపు టెలిస్కోపు ఉంది. జాయిస్ ఒక మోకాలి మీద కూర్చుని ఇరుసు సరిచేస్తోంది. ఆరోగ్యమ్మగారు టార్చి పట్టుకున్నారు. వెనక స్త్రీల సమాజం వాళ్లు ఓ పదిమంది.

'కొంచెం నందిగామ వైపు,' అంది జాయిస్ తనలో తను. ఒక్కసారి నెట్టింది, అంతే. నేను నెల రోజులు పడ్డది మీకు తెలుసు.

'నువ్వెప్పుడు నేర్చుకున్నావు?' అన్నా.

'మీరు నేర్చుకుంటున్నప్పుడు,' అంది.

నాకు కోపం రావాలనే నిలబడ్డా. ఈలోపు ధ్రువ నక్షత్రం చూపించింది. చిన్నది. అంత గొడవ చేసినదానిలా లేదు. చూసి జరిగా. తర్వాతిది ఎప్పుడని అడిగితే, గురుగ్రహం లేవడానికి ఇంకా టైముంది, అందాకా మెట్ల మీద కూర్చోమన్నారు ఆరోగ్యమ్మగారు. డేవిడ్‌రాజు ధాబా నుంచి పరోటాలు వచ్చాయి. వరసలో ఉన్నవాళ్లకేనట.

వెళ్లి వరసలో నిలబడ్డా.

మీ
ఎడ్విన్